కొత్త పాము గూట్లోంచి బయటికి రావట్లేదా? కొన్నాళ్లు దాని మానాన దాన్ని వదిలేయండి

ఈసారి పెంపుడు జంతువుల శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో పాముల గురించే ఎక్కువ, అందులోనూ అమెరికాలో ఉన్న మన కుటుంబాల నుంచే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కుక్కపిల్లని అడిగినంత మామూలుగా పాముని అడుగుతున్నారు, పెద్దవాళ్లు ఎలాగో ఒప్పుకుని తెచ్చాక అది తినట్లేదనో, కరవబోయిందనో కంగారుపడి రాస్తున్నారు. నాలుగు ఉత్తరాలకి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి జవాబు బాగా పెద్దది, ఎందుకంటే మిగతావాళ్లకి కావాల్సింది కూడా చాలావరకు అందులోనే ఉంది.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి పదమూడేళ్లు. ఏడాదిగా అడుగుతుంటే పుట్టినరోజుకి బాల్ పైథాన్ పిల్లని కొనిచ్చాం. తెచ్చి రెండు వారాలు కావస్తోంది, పగలంతా ఆ ప్లాస్టిక్ గూట్లోంచి బయటికే రాదు. చేతిలోకి తీసుకుంటే తల లోపల పెట్టుకుని ఉండలా చుట్టుకుపోతుంది. తెచ్చిన మర్నాడే ఎలుక పెట్టాం, తినలేదు, అప్పట్నుంచి రోజు విడిచి రోజు పెడుతూనే ఉన్నాం. మొన్న వాడి ఫ్రెండ్స్ చూడ్డానికొచ్చి పైనుంచి చెయ్యి పెడితే ఒక్కసారిగా మీదికొచ్చింది. అది ఉండే గాజు ట్యాంకు హాల్లో టీవీ పక్కన ఉంది. ఆకలితో చచ్చిపోతుందేమోనని వీడు ఏడుస్తున్నాడు. అమ్మినవాళ్లకి తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేయకండి. మీరు రాసినదాంట్లో జబ్బు లక్షణం ఒక్కటీ నాకు కనబడలేదు. అది భయపడుతోంది. ఆ భయం తగ్గించడం మీ చేతుల్లోనే ఉంది, ఖర్చు కూడా పెద్దగా కాదు.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ లాంటి దేశాల గడ్డిభూముల్లో ఎలుకలు తవ్విన బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా ముడుచుకుని పడుకుని, చీకటి పడ్డాక తిండికి బయల్దేరుతుంది. విషం లేదు, వేగం లేదు, పెద్ద సైజూ లేదు, ఆడపాము బాగా ఎదిగితే నాలుగైదు అడుగులు ఉంటుంది, మగది ఇంకా చిన్నది. శత్రువు కనబడితే దానికి తెలిసిన గట్టి ఉపాయం ఒకటే, తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకోవడం. ఆ పేరు దానికి అలా వచ్చిందే. కాబట్టి పగలు బయటికి రాకపోవడం దాని పుట్టుకతో వచ్చిన అలవాటు, మీవాడి చేతిలో ఉండలా చుట్టుకోవడం మాత్రం 'నన్ను వదిలేయ్' అని అది చెప్పగలిగిన పద్ధతి. అది అలవాటైపోయిందనీ, ముద్దొస్తోందనీ అనుకుని అలాగే పట్టుకుని కూర్చోవద్దని బాబుకి చెప్పండి.

ఇప్పుడు ఆ పాము వైపు నుంచి మీ హాలు చూడండి. నాలుగు వైపులా గాజు, ఎటు చూసినా కదిలే మనుషులు. పాములకి బయటికి చెవులు లేవు గానీ కింది దవడ ఎముకల ద్వారా నేల అదురుని పసిగడతాయి, గాల్లోంచి వచ్చే గంభీరమైన శబ్దాలు కూడా కొంతవరకు వాటికి తెలుస్తాయి. టీవీ పక్కన స్పీకరు మోగిన ప్రతిసారీ దాని గూడు అదురుతున్నట్టే. దానికితోడు రోజు విడిచి రోజు మూత తెరిచి ఎలుకని లోపలికి ఆడించడం, ఫ్రెండ్స్ చేతులు. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలాగే కనబడుతుంది, అందుకే మీదికొచ్చింది.

ముందు ట్యాంకుని హాల్లోంచి తీసేయండి. మనుషుల తిరుగుడు తక్కువగా ఉండే గదిలో, కిటికీ ఎండ నేరుగా పడనిచోట, నేలమీద కాకుండా బల్లమీద పెట్టండి. వెనకవైపు, రెండు పక్కలా బయటినుంచి నల్ల కాగితం అంటించండి. లోపల ఖాళీ జాగా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది, ప్లాస్టిక్ ఆకులో, బెరడు ముక్కలో వేసి నింపండి, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లేటప్పుడు దానికి చాటు దొరకాలి.

చాలామంది ఒక్కటే గూడు పెడతారు. రెండు కావాలి. అక్కడ దాన్ని హైడ్ అంటారు కదా, ఒకేలాంటివి రెండు కొని ఒకటి వేడి వైపు, ఒకటి చల్ల వైపు పెట్టండి. పాము ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు, అది వేడి దగ్గరకీ చల్లదనం దగ్గరకీ తిరుగుతూ తనకి కావాల్సింది తీసుకుంటుంది. గూడు చల్లవైపు మాత్రమే ఉంటే, భయపడిన పాము వేడి కోసం బయటికి రాకుండా అక్కడే చలిలో పడి ఉంటుంది, ఒంట్లో వేడి లేకపోతే ఆకలి పుట్టదు, తిన్నా అరగదు. మీ పాము తినకపోవడానికి ఇదొక్కటే కారణమైనా నాకు ఆశ్చర్యం లేదు. గూడు విశాలంగా ఉంటే బాగుంటుందని కూడా అనుకోకండి, లోపల చుట్టుకుని పడుకుంటే గోడలు ఒంటికి తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. ఎదిగేకొద్దీ మారుస్తూ పోవాలి.

వేడి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్ల వైపు 76 నుంచి 80 మధ్య ఉండాలి. గాజుకి అంటించే గుండ్రటి మీటర్లు నమ్మదగినవి కావు, వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని రెండు వైపులా పాము పడుకునే ఎత్తులో పెట్టండి. హీట్ మ్యాట్ అయినా, బల్బు అయినా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా అస్సలు వాడొద్దు. ఇక్కడ బేరం చూడకండి. అదుపు లేని మ్యాట్ మీద పాము కడుపు కాలిపోయినా అది లేచి పక్కకి జరగకపోవచ్చు, చర్మం మీద బొబ్బలొచ్చాక గానీ మనకి తెలియదు. గాలిలో తేమ 55 నుంచి 70 శాతం ఉంటే చాలు. మీ ఊళ్లో చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోతుంది కాబట్టి పైనున్న జాలీ మూతలో సగానికిపైగా అల్యూమినియం ఫాయిల్ కప్పండి, అడుగున కొబ్బరి పీచు పొట్టు పరిస్తే తేమ పట్టి ఉంచుతుంది. దేవదారు జాతి చెక్కపొట్టు మాత్రం వద్దు, దాని ఘాటు పాముల ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇవన్నీ సర్దిన రోజు నుంచి లెక్కపెట్టి వారం రోజులపాటు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. నీళ్లు మార్చడం, మలం కనబడితే తీసేయడం, అంతే. గూడు ఎత్తి 'ఉందా లేదా' అని చూడటం కూడా ముట్టుకోవడం కిందే లెక్క. పదమూడేళ్ల పిల్లాడికి ఇది కష్టమే, నాకు తెలుసు, కొత్త పాముని ఇంట్లో పెట్టుకుని చూడకుండా ఉండమనడం. రాత్రి లైట్లన్నీ ఆర్పి గదిలో కాస్త దూరంగా కూర్చోమనండి, పదిన్నర పదకొండు దాటాక అదే తల బయటపెట్టి నాలుక ఆడిస్తూ కనబడొచ్చు. నాలుక నిదానంగా, పొడుగ్గా ఆడిస్తూ తిరుగుతుంటే చుట్టూ ఏముందో తెలుసుకుంటోందన్నమాట. మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగి కదలకుండా నిలబడితే, బుసకొడితే, దగ్గరికి వెళ్లొద్దు.

ఇక తిండి. అమ్మినవాళ్లకి ఫోన్ చేసి అది ఇంతకుముందు ఏం తినేది, చుంచెలుకా పెద్ద ఎలుక పిల్లా, బతికిందా ఫ్రీజ్ చేసిందా, ఏ రోజుల్లో పెట్టేవారు, ఇవన్నీ కనుక్కోండి. బాల్ పైథాన్లు తిండి విషయంలో బాగా మొండివి, పుట్టినప్పట్నుంచి చుంచెలుక తిన్నది ఎలుక పిల్లని తిండిగా గుర్తించకపోవచ్చు. వారం తర్వాత ఒక్కసారి, రాత్రిపూట పెట్టండి. పాము ఒంట్లో బాగా లావుగా ఉన్నచోట ఎంత లావుందో ఎలుక కూడా అంతే ఉండాలి. ఫ్రీజ్ చేసిన ఎలుకని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి మంచు కరిగించి, పెట్టబోయే ముందు జిప్ కవర్లో వేసి వేడినీళ్లలో ఉంచండి, మైక్రోవేవ్ వద్దు. ఎలుక ఒళ్లు, ముఖ్యంగా తల వైపు, వెచ్చగా వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఈ పాముకి పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, చల్లటి ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు. పొడవాటి పటకారుతో పట్టుకుని గూటి నోటి దగ్గర కొద్దిగా కదిలించండి, మొహం మీదికి పొడవకండి. అందుకోకపోతే గూటి ముందే వదిలేసి, లైటు ఆర్పి, తలుపేసి వచ్చేయండి. చాలాసార్లు మనం వెళ్లిపోయాకే తింటుంది. పొద్దున్నకి అలాగే ఉంటే పారేసి మళ్లీ వారం దాకా ఆ ఊసెత్తకండి. బతికున్న ఎలుకని వదిలి తలుపేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, తినే మూడ్‌లో లేని పాముని ఎలుకే కొరికి పుండ్లు చేస్తుంది.

'ఆకలితో చచ్చిపోతుందేమో' అన్న టెన్షన్‌కి మందు వంటింట్లో వాడేలాంటి డిజిటల్ త్రాసు. వంటకి వాడేది కాదు, దానికోసం వేరే కొనండి. వారానికోసారి గూడుతో సహా ఎత్తి తూచి, గూడు బరువు తీసేసి, గ్రాముల్లో రాసి పెట్టమనండి బాబుని. ఎదిగిన బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉన్నా పెద్దగా తగ్గవు, పాముపిల్లలకి ఒంట్లో అంత నిల్వ ఉండదు. మొదటి బరువులో పదోవంతు పోయిందంటే, లేదా ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, గురగుర శబ్దం, పొలుసుల మధ్య నల్లటి చుక్కల్లాంటి పురుగులు, వీటిలో ఏదైనా కనబడితే ఆగకుండా సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మామూలు కుక్కల డాక్టర్లలో అందరూ పాముల్ని చూడరు, ఆ నంబరు ఇప్పుడే వెతికి ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. తినకపోవడానికి ఇంకో మామూలు కారణం కుబుసం. కళ్లు నీలంగా, పాలు కలిపినట్టు మసకబారి, ఒంటి రంగు వెలిసినట్టుంటే కుబుసం విడవబోతోందని. అప్పుడు దానికి చూపు సరిగా ఉండదు, భయం ఇంకా ఎక్కువ, తిండీ వద్దు, ముట్టుకోనూ వద్దు.

రెండు మూడు సార్లు వరసగా తిన్నాక చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టొచ్చు. తిన్న తర్వాత కనీసం రెండు రోజులు ఆగాలి, లేకపోతే కక్కేస్తుంది, కక్కితే పది పదిహేను రోజులు మళ్లీ తిండి పెట్టకూడదు. సబ్బుతో చేతులు కడుక్కుని, ఎలుక వాసన లేకుండా, పక్కనుంచి నెమ్మదిగా చెయ్యి పోనిచ్చి నడుము భాగం కింద రెండు చేతులూ ఆనించి ఎత్తమనండి. తల పట్టుకోకూడదు. మొదట్లో ఐదు నిమిషాలు, వారానికి రెండుసార్లు, చాలు. ఉండలా చుట్టుకుంటే కదలకుండా కాసేపు ఆగి, విప్పుకోకపోతే గూటి దగ్గరే దింపేయాలి. ఎప్పుడైనా కరిచినా చెయ్యి వెనక్కి గుంజొద్దు, పళ్లు సన్నగా వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి గుంజితే మీ చర్మమూ చిరుగుతుంది, దాని పళ్లూ ఊడతాయి. సబ్బునీళ్లతో కడిగితే సరిపోతుంది.

ఒక్క మాట బాబుతో పాటు మీరూ వినాలి. ఈ పాములు బాగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతాయి. అమెరికాలోనే సెయింట్ లూయిస్ జూలో 1961లో వచ్చిన బాల్ పైథాన్ 2020 జులైలో, అరవై దాటిన వయసులో ఏడు గుడ్లు పెట్టింది. మీవాడు కాలేజీకి వెళ్లాక కూడా అది మీ ఇంట్లో ఉంటుంది, కాబట్టి ఈ తూకాలూ, ఎలుక కరిగించడాలూ మీరు కూడా ఇప్పుడే నేర్చుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియా, ఫ్రీమాంట్ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి కార్న్ స్నేక్ పిల్లని తెచ్చుకుంది. రాత్రంతా గాజు పట్టుకుని పైకీ కిందికీ ఆగకుండా తిరుగుతుంది, దగ్గరికి వెళ్తే తోక గిలగిలా ఆడిస్తుంది. అది ర్యాటిల్ స్నేక్ కాదు కదా అండీ?

జవాబు: కాదండీ. తోక చివర గిలక్కాయలాంటి గట్టి ఉంగరాలు ఉంటేనే విషమున్న ఆ ర్యాటిల్ స్నేక్, కార్న్ స్నేక్‌కి విషం లేదు. భయపడిన కార్న్ స్నేక్, ముఖ్యంగా పిల్ల, తోకని అలా వేగంగా కొట్టుకుంటుంది, ఎండుటాకుల్లో అయితే ఆ చప్పుడుకే దగ్గరికొచ్చింది వెనక్కి పోతుంది.

రాత్రి తిరగడం గురించి చెప్తాను. కార్న్ స్నేక్ బాల్ పైథాన్ లాంటిది కాదు, చురుకైనది, చెట్లెక్కుతుంది, కొత్తచోట మొదటి రాత్రుళ్లు దారి వెతుక్కుంటుంది. కొంత తిరుగుడు మామూలే. కానీ వారం దాటినా ముక్కు గాజుకి రుద్దుకుంటూ ఉంటే లోపల ఏదో తేడా ఉందని. వేడి ఎక్కువైందేమో ముందు చూడండి, దీనికి వేడి వైపు 85 నుంచి 88 ఫారెన్‌హీట్ చాలు, చల్లవైపు 75 దగ్గర ఉండాలి. తర్వాత చాటు. అడుగున పొట్టు కనీసం రెండు మూడు అంగుళాలు పరవండి, ఇవి అందులో దూరి పడుకోవడానికి ఇష్టపడతాయి, చాలాసార్లు ఆ పొట్టు లోతు పెంచగానే తిరుగుడు తగ్గుతుంది. ఎక్కడానికి ఒకటి రెండు కొమ్మలు కూడా పెట్టండి.

వారం రోజులు ముట్టుకోకపోవడం, తిన్నాక రెండు రోజులు ఆగడం దీనికీ వర్తిస్తాయి. ఇంకో జాగ్రత్త, తల దూరే సందు ఉంటే ఒళ్లంతా దూరుతుంది. మూతకి క్లిప్పులు నాలుగు వైపులా పెట్టండి, లోపలివైపు మాత్రం టేపు అంటించకండి, పొలుసులకి అతుక్కుంటే చర్మం లేచిపోతుంది. తప్పించుకుంటే ముందు ఆ గదిలోనే వెతకండి, బీరువా వెనక, పుస్తకాల వెనక, ఫ్రిజ్ మోటారు లాంటి వెచ్చటి చోట్ల. పడుకోబోయే ముందు గుమ్మాల దగ్గర పలచగా పిండి చల్లితే పొద్దున్నకి ఏ గదిలోకి వెళ్లిందో జాడ తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పెద్దబ్బాయి పాముని పెంచుతున్నాడు, చిన్నదానికి మూడేళ్లు. మా అత్తగారు గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. నాగుల చవితికి దానికే పాలు పోస్తానంటున్నారు. కాదంటే బాధపడతారు, ఏం చెప్పను?

జవాబు: పాలు వద్దని గట్టిగానే చెప్పండి, కానీ ప్రేమగా. పాముకి పాలు తిండి కాదు, దాని కడుపు పాలని అరిగించుకోలేదు. పాములాడించేవాళ్ల దగ్గర నాగుపాము పాలు తాగినట్టు కనబడేది, దాన్ని రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టి ఉంచుతారు కాబట్టి, దాహానికి ఏది పెట్టినా తాగుతుంది. అత్తగారితో ఆ పూజ ఇంట్లో దేవుడి దగ్గర నాగప్రతిమకి చేయించండి, చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టించండి, ఆ రోజు ఈ పాము గిన్నెలో నీళ్లు ఆవిడ చేత్తోనే మార్పించండి. దాని ప్రాణానికి మంచి చేయాలనేగా ఆవిడ ఉద్దేశం, శుభ్రమైన నీళ్లంటే అదే.

ఇంతకంటే నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది మీ చిన్నదాని గురించి. పైకి ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలూ, అరవై ఐదు దాటిన పెద్దవాళ్లూ దాంతో తీవ్రంగా జబ్బుపడే ప్రమాదం ఎక్కువ, అంటే మీ ఇంట్లో ఇద్దరికి. పాప దాన్ని గానీ, ట్యాంకుని గానీ ముట్టుకోకూడదు. అత్తగారు నీళ్లు మార్చినా వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాము నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగొద్దు, ఎలుకలున్న కవరు ఫుడ్ పెట్టే ఫ్రీజర్‌లో కలిపి పెట్టొద్దు. గది తలుపుకి గొళ్లెం పాపకి అందని ఎత్తులో ఉండాలి. ఇందులో పాముకీ లాభమే, ఎవరూ గాజు మీద తట్టకపోతే అది త్వరగా కుదురుకుంటుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. నాకూ బాల్ పైథాన్ పెంచాలని ఉంది. ఒకతను పేపర్లు ఏమీ అక్కర్లేదు, రేపే ఇస్తానంటున్నాడు. అతనే రెండు తలల పాము కూడా ఉందంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: అతని దగ్గర ఏదీ తీసుకోవద్దు బాబూ. రెండు తలల పాము మన దేశపు పాము, దాన్నే కాదు, మన దగ్గరి పాముల్లో దేన్నయినా పట్టి పెంచడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది ఇంట్లో ఉంటే అదృష్టమని, కోట్లు పలుకుతుందని చెప్పే మాటల వల్లే ఆ అమాయకపు పాము ఊళ్లల్లో గోతాల్లో మూట కట్టబడి అమ్ముడుపోతోంది. దానికి రెండు తలలు కూడా లేవు, తోక మొద్దుగా ఉంటుంది, అంతే.

బాల్ పైథాన్ విదేశీ జాతి కాబట్టి సంగతి వేరు, కానీ పేపర్లు అక్కర్లేదన్నది అబద్ధం. 2022లో చట్టాన్ని సవరించాక వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్న జీవులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి, బాల్ పైథాన్ అందులో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి మీ దగ్గర ఉంటే కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. నమోదైన పెంపకందారు దగ్గరే, రాతపూర్వకంగా కాగితాలు తీసుకుని కొనండి, ముందు అటవీ శాఖవాళ్లని అడిగి రూఢి చేసుకోండి.

అది అయ్యాక కూడా ఇంకో విషయం ఉంది. మన ఏప్రిల్, మే నెలల్లో మీ గది ఎంత వేడెక్కుతుందో మీకే తెలుసు. 35 డిగ్రీల సెల్సియస్ దాటిన గదిలో దానికి చల్లబడే చోటే ఉండదు, కరెంటు పోయిన మధ్యాహ్నం ప్రాణాల మీదికొస్తుంది. హాస్టల్ గదిలో ఉండేవాళ్లయితే మానుకోండి. సొంతిల్లు, ఏసీ, ఇన్వర్టర్, ఇంట్లోవాళ్ల ఒప్పుదల, ఎలుకలు దాచుకోవడానికి వేరే ఫ్రీజర్, పాముల్ని చూసే వెటర్నరీ డాక్టరు, ఇవన్నీ కుదిరినప్పుడు ముందు ఖాళీ ట్యాంకు సిద్ధం చేసి, వారం రోజులు ఆ థర్మామీటర్లు మధ్యాహ్నం ఎంత, తెల్లవారుజామున ఎంత చూపిస్తున్నాయో రాసుకోండి. ఆ అంకెలు నిలకడగా ఉన్నాయనిపిస్తే అప్పుడు పాము గురించి మళ్లీ రాయండి, పెంపకందారుని అడగాల్సిన ప్రశ్నలేమిటో చెప్తాను.